ఆరు మడతలు

ఆ డబ్బా ఒకప్పుడు ఫెల్టు బూట్లది.
మూతకు వంటకత్తితో నేనే చీలిక కోశాను,
వంకరగా వచ్చింది.
"పేరు రాయొద్దు, ఏదైనా అడగండి" అని అతికించి
హాస్టల్ మెట్ల కింద, బాయిలర్ గొట్టం పక్కన పెట్టాను.
చేతులు కాచుకునే నెపంతో
ఎవరైనా అక్కడ కాసేపు నిలబడొచ్చు.

గోబీ అంచున ఈ బడిలో
ఆరోగ్యం పాఠం చెప్పాల్సింది నిజానికి జంబల్ మాస్టారు.
కుస్తీలో జిల్లాని గెలిచిన మనిషి,
నెలసరి పేజీ రాగానే
"ఇది ఇంట్లో చదువుకోండి" అని పుస్తకం మూసేస్తాడు.
ఇల్లు ఎక్కడ?
మందల వెనక తిరిగే గుడారం అది.
ఈ వారం ఏ లోయలో దిగిందో పిల్లలకే తెలీదు.
అలా పాఠం నా మీద పడింది,
బడి డాక్టరమ్మ మీద.

శుక్రవారం డబ్బా తెరుస్తాను.
"గొంతు ఎప్పటికి కుదురుకుంటుంది? హాజరు పలకాలంటే సిగ్గేస్తోంది."
"మొటిమలకు గుర్రం పాలు రాస్తే పోతాయా?"
"ఆ రోజుల్లో స్నానాల గదికి వెళ్లకూడదా? మా గదిలో అక్క అలా అంటోంది."
దీనికి మాత్రం బల్ల గుద్ది చెప్పాను,
వెళ్లొచ్చు, వేడినీళ్లు మీ హక్కు అని.
ఆ సాయంత్రమే వార్డెన్‌తో గొడవపడి తాళంచెవి తెచ్చాను.
వెక్కిరింపు చీటీలూ ఉంటాయి. ఒకడు నా బొమ్మే గీశాడు,
ముక్కు బాగా కుదిరింది.

వాటి అడుగున, వారం వారం,
ఆరు మడతలు పెట్టిన ఒక తెల్ల కాగితం.
ఏమీ రాసి లేదు.
కిటికీ వెలుగుకు ఎత్తి చూశాను, పెన్సిల్ నొక్కిన గాడి ఏమైనా ఉందేమోనని.
స్కేలు పెట్టి చింపిన అంచు, అంతే.
అంత జాగ్రత్తగా చింపి, అంత గట్టిగా మడిచి,
అడగాల్సిన చోటుకొచ్చాక నోరు పెగలని వాళ్లెవరో.

ఆరా తీయలేదు.
క్లాసులో ఆ కాగితం ఎత్తి చూపించి అన్నాను:
"ఈ ప్రశ్న నాకు అందింది.
జవాబు లేదు. కుర్చీ ఉంది, టీ ఉంది.
నా గది తలుపుకు గడియ ఊడిపోయి రెండేళ్లయింది."
ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరూ తల ఎత్తలేదు.

ఫిబ్రవరిలో మంచు కరిగి మళ్లీ గడ్డకట్టింది,
గిట్టలు తవ్వలేనంత గట్టిగా.
ఒచిర్‌దారా రాత్రి పదకొండుకి వచ్చాడు.
పదిహేనేళ్లు. కాళ్లకు మేజోళ్లు మాత్రమే.
"గుండెజబ్బు చిన్నవాళ్లకు వస్తుందా?"
పడుకుంటే దడ, అరచేతుల్లో చెమట,
లెక్కల పరీక్షలో అంకెలు చీమల్లా పాకిపోతాయట.
నాడి చూశాను, బీపీ చూశాను, ఛాతీ విన్నాను.
స్టెతస్కోపు తీసి వాడి చెవుల్లోనే పెట్టాను.
చాలాసేపు విన్నాడు.
"పరిగెడుతోంది."
"గుర్రం ఊరికే పరిగెడుతుందా?"

టీలో ఉప్పు చాలలేదని ముందు చెప్పి,
తర్వాత చెప్పాడు.
నాలుగు వందల్లో అరవై మిగిలాయి.
నాన్న ఫోన్‌లో చచ్చినవాటి లెక్క చెప్పి
"నువ్వు బాగా చదువుకో" అని పెట్టేశాడు.
ఆ ఒక్క మాట బరువు
మూడు వందల నలభై కళేబరాలు.

నేను ధైర్యం చెప్పలేదు.
గుండె బాగానే ఉంది, లోపల ఎవరో తలుపు కొడుతున్నారు, అన్నాను.
ఊపిరి మెల్లగా వదలడం చూపించాను.
ఉలాన్‌బాతర్‌లో ఈ పని నాకంటే తెలిసినావిడ నంబరు రాసిచ్చాను.
పొద్దున్నే ఇద్దరం కలిసి నాన్నకు ఫోన్ చేద్దామన్నాను,
చదువు గురించి కాదు,
ఆ అరవై ఎలా ఉన్నాయో అడగడానికి.
"వాటిలో నా ఎర్రమేక ఉందో లేదో
నేనింకా అడగలేదు" అన్నాడు.
అప్పుడు ఏడ్చాడు. టీ చల్లారిపోయింది.

ఆ తెల్ల కాగితం వాడిదేనని నా నమ్మకం.
ఇంక రాదనుకున్నాను.

ఈ శుక్రవారం డబ్బా బోర్లించాను.
ఆరు మడతల కాగితాలు, రెండు.
ఒకటి స్కేలుతో చింపింది.
రెండోది పంటితో.

వంటకత్తి తెచ్చి
చీలికను ఇంకొంచెం వెడల్పు చేశాను.